రాత్రి ఫోను ఊరుకోవాలి, కాపలా అబ్బాయి కాల్ మాత్రం మోగాలి

ప్రశ్న: సార్, మాది ఇందుకూరుపేట మండలం, మైపాడు వైపు. ఆరెకరాల్లో వనామి రొయ్యలు వేసున్నాను. పగలంతా గుంటల మీదే తిరిగి రాత్రి పదికి పడుకుంటే ఫోను నిద్రపోనివ్వదు. గ్రూపుల్లో మేత రేట్లు, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) రేట్లు, ఎవరివో పెళ్లి ఫొటోలు టింగు టింగుమని వస్తానే ఉంటాయి. లోన్లు కావాలా అని కాల్స్ ఒకటి. సైలెంట్‌లో పెడదామంటే కరెంటు పోయినప్పుడు గుంట దగ్గర అబ్బాయి చేసే కాల్ వినపడదు. పోయిన నెల అలాగే పెట్టి పడుకుంటే పొద్దునకి 7 మిస్డ్ కాల్స్ ఉన్నాయి. జనరేటర్ వాడే వేసుకున్నాడు కాబట్టి పంట దక్కింది. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ టెన్షన్ నాకు బాగా అర్థమవుతోంది. రాత్రిపూట ఎండ ఉండదు కాబట్టి నీళ్లలో పాచి ఆక్సిజన్ తయారుచెయ్యదు, పైగా రొయ్యలతో పాటు అది కూడా ఉన్నదాన్ని వాడేసుకుంటుంది, అందుకే తెల్లారగట్ల గుంటలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. సరిగ్గా మీకు గాఢనిద్ర పట్టే వేళకే, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగకుండా చూసుకోవాలి. కాబట్టి మీకు కావల్సింది సైలెంట్ కాదు, 'డు నాట్ డిస్టర్బ్'. సైలెంట్‌లో పెడితే మామూలుగా ఎవరి కాలూ మోగదు. ఇందులో అయితే ఫలానా మనుషులవి మాత్రం మోగాలని మీరు ముందే చెప్పిపెట్టుకోవచ్చు.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది ఒక్కో కంపెనీ ఒక్కోచోట పెడుతుంది, అందుకని సెట్టింగ్స్‌లో పైనుండే వెతికే గడిలో డు నాట్ డిస్టర్బ్ అని కొట్టండి, అదే వస్తుంది. ఫోను తెలుగులో వాడేవాళ్లకి 'అంతరాయం కలిగించవద్దు' అని కనిపిస్తుంది. లోపల షెడ్యూల్స్‌లో రాత్రి 10 నుంచి పొద్దున 5 దాకా, వారంలో అన్ని రోజులూ అని పెట్టండి. ఇక రోజూ గుర్తుపెట్టుకుని నొక్కే పనుండదు. తరవాత కాల్స్ దగ్గరికెళ్లి 'స్టార్ పెట్టిన కాంటాక్టులు' మాత్రమే అని ఎంచుకోండి (కొన్ని ఫోన్లలో ఫేవరెట్స్ అంటారు). ఇప్పుడు గుంట దగ్గర అబ్బాయి పేరు తెరిచి స్టార్ నొక్కండి. వాడి ఫోన్లో రెండు సిమ్‌లుంటే రెండు నంబర్లూ ఆ పేరు కిందే సేవ్ చెయ్యండి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. పక్క గుంట రైతుకి, కరెంటు పని చూసే మనిషికి కూడా స్టార్ పెట్టండి.

అక్కడే 'రిపీట్ కాలర్స్' అని ఇంకోటి ఉంటుంది, అది తప్పకుండా ఆన్ చెయ్యండి. అదే నంబరు నుంచి 15 నిమిషాల లోపు రెండోసారి కాల్ వస్తే, స్టార్ లేకపోయినా మోగుతుంది. ఐఫోన్‌లో ఇది 3 నిమిషాలు. వాడి ఫోన్లో చార్జింగ్ అయిపోయి ఎవరి ఫోనో అడుక్కుని చేసినా మీకు చేరుతుందన్నమాట. ఈ సంగతి వాడికీ చెప్పాలి: "ఒకసారి చేసి ఊరుకోబాక, వెంటనే రెండోసారి చెయ్యి, వాట్సాప్‌లో కాదు, మామూలు కాల్ చెయ్యి" అని.

ఇంకొక్క మాట. ఇదంతా చేసి రింగు సౌండ్ తగ్గించేసినా, ఫోను వైబ్రేషన్‌లో ఉన్నా స్టార్ ఉన్న కాల్ కూడా పైకి వినపడదు. సౌండ్ పూర్తిగా పెట్టే పడుకోవాలి. ఐఫోన్ అయితే ఆ కాంటాక్ట్ రింగ్‌టోన్‌లో 'ఎమర్జెన్సీ బైపాస్' ఆన్ చేస్తే సైలెంట్‌లో ఉన్నా ఆ ఒక్కరి కాల్ మోగుతుంది.

మా నాన్నకి ఒంట్లో బాగోలేని ఒక రాత్రి నా ఫోను ఇలాగే సైలెంట్‌లో ఉండిపోయింది, తమ్ముడు చేసిన కాల్స్ అన్నీ తెల్లారాక చూశాను. ఆ పొద్దున ఫోను పట్టుకుని మంచం మీద కూర్చున్నది ఇప్పటికీ మర్చిపోలేను. అందుకే చెప్తున్నా, ఇవాళే షెడ్యూల్ పెట్టి, పది దాటాక ఆ అబ్బాయి చేత ఒకసారి చేయించి, మోగిందని మీ చెవులతో విన్నాకే పడుకోండి.

లోన్ల కాల్స్‌కి మందు వేరే ఉంది. 1909కి ఇంగ్లీషులో స్టార్ట్ అని, ఒక ఖాళీ వదిలి సున్నా కొట్టి మెసేజ్ పంపితే ప్రకటనల కాల్స్ అన్నీ వద్దని నమోదవుతుంది. మెసేజ్ కుదరకపోతే ఆ నంబరుకే ఫోన్ చేసి చెప్పొచ్చు. అయినా వస్తే ఫిర్యాదు కూడా అక్కడికే, కాల్ వచ్చిన 7 రోజుల్లోగా చెయ్యాలి.

ప్రశ్న: ఒంగోలులో ఉంటాను. కొండపిలో ఉన్న మా అమ్మ ఫోను నాలుగు రోజులుగా మోగట్లేదు. పాడైందంటారా?

జవాబు: పాడై ఉండదు. టైము చూసుకుంటూ పైనుంచి కిందికి లాగినప్పుడు వేలు తగిలి డు నాట్ డిస్టర్బ్ ఆన్ అయి ఉంటుంది, పెద్దవాళ్ల ఫోన్లలో ఇది మామూలే. పైన చిన్న గుండ్రం, మధ్యలో అడ్డగీత ఉందేమో పక్కింటివాళ్లని చూడమనండి, కొన్ని ఫోన్లలో నెలవంక గుర్తుంటుంది. ఉంటే మళ్లీ పైనుంచి లాగి దాని మీద ఒకసారి నొక్కితే పోతుంది. లేకపోతే పక్కనున్న సౌండ్ బటన్ చూడమనండి. ఈసారి మీరు వెళ్లినప్పుడు మీ పేరుకి అమ్మ ఫోన్లో స్టార్ పెట్టి, స్టార్ ఉన్నవాళ్ల కాల్స్ మోగేలా చేసి రండి. పొరపాటున మళ్లీ నొక్కుకున్నా మీ కాల్ ఆగదు.

ప్రశ్న: చీమకుర్తి క్వారీలో నైట్ డ్యూటీ. పొద్దున ఎనిమిదికి పడుకుని రెండింటికి లేవాలి. ఇది పెడితే అలారం కూడా ఆగిపోతుందా?

జవాబు: ఆగదు, మామూలుగా అలారాలకి అనుమతి ఉంటుంది. పాత ఫోన్లలో 'టోటల్ సైలెన్స్' అని ఒకటుంటుంది, దాన్ని మాత్రం ఎంచుకోవద్దు, అది అలారాన్ని కూడా నొక్కేస్తుంది. మీ డ్యూటీ ఉన్న రోజులకే 8 నుంచి 2 అని ఇంకో షెడ్యూల్ వేసుకోండి, పిల్లల స్కూలు నంబరుకి స్టార్ పెట్టండి. ఆ షెడ్యూల్ కిందే, అలారం మోగగానే డు నాట్ డిస్టర్బ్ ముగిసిపోయే ఆప్షన్ చాలా ఫోన్లలో ఉంటుంది. అది ఆన్ చేస్తే ఏ రోజన్నా ఒంటిగంటకే అలారం పెట్టుకుని లేచినా, అప్పటినుంచే అందరి కాల్సూ మోగుతాయి.