30 డాలర్లలోపు బర్బన్‌లలో ఏది మంచిది? అన్నీ ఒకేలా ఉంటాయన్నది నిజమేనా?

మీరు రెండు సంగతులు అడిగారు. మన దగ్గరి విస్కీకి అలవాటుపడి అమెరికా వచ్చినవాళ్ళు 30 డాలర్లలోపు ఏ బర్బన్ (మొక్కజొన్న ప్రధానంగా చేసే అమెరికా విస్కీ) కొనాలి అనేది ఒకటి, అన్నీ ఒకేలా ఉంటాయని మీ రూమ్మేట్ అంటున్నది నిజమేనా అనేది ఇంకోటి. రెండోదానికి ముందు చెప్తాను, అది తేలితే మొదటిది మీకు మీరే తేల్చుకోగలరు. ఒకేలా ఉండవు. కాకపోతే గ్లాసు నిండా ఐస్ వేసి, కోక్ పోసి, పక్కన చికెన్ ఫ్రై పెట్టుకుని తాగితే మాత్రం ఎవరికైనా ఒకేలాగే ఉంటాయి, అందులో మీ రూమ్మేట్ తప్పేం లేదు.

నేను సిన్సినాటి దగ్గర తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. నది దాటితే బర్బన్‌కి పుట్టినిల్లు లాంటి కెంటకీ రాష్ట్రం, విస్కీ తయారీకి పేరున్న బార్డ్స్‌టౌన్‌కి కారులో రెండు గంటల పైచిలుకు. వచ్చిన కొత్తలో నేనూ సీసా చూసి కొన్నాను, బరువైన గాజు, చెక్క మూత, 60 డాలర్ల పైన. పేరు చెప్పను. ఆ తర్వాత కొన్నాళ్ళకి నలుగురు స్నేహితులం కలిసి పేర్లు కనపడకుండా రుచి చూశాం, ఆ సీసా మా నలుగురి లెక్కలోనూ 20 డాలర్లదాని కంటే కింద వచ్చింది. అప్పటినుంచి ఏ సీసా గురించైనా ఇలా చూశాకే మాట్లాడతాను.

మేం ఎలా చేశామో చెప్తాను, ఖర్చేం లేదు. తాగని మనిషి ఒకరు కావాలి, మాకు ఒక స్నేహితుడి భార్య సాయం చేసింది. చిన్న గాజు టీ గ్లాసులు తీసుకుని (స్టీలు గ్లాసులు వద్దు, వాసన సరిగ్గా తెలీదు) అడుగున టేపు మీద అంకెలు రాసి, వంటింట్లోనే పోసి తెచ్చింది. ఒక్కో గ్లాసులో 15 మి.లీ. మాత్రమే, పిల్లల సిరప్‌తో వచ్చే కొలత కప్పు దీనికి చక్కగా సరిపోతుంది. నాలుగు రకాలు, కానీ గ్లాసులు ఐదు, ఎందుకంటే ఒక రకాన్ని రెండు గ్లాసుల్లో పోయించాం, మా నాలుక మీద మాకెంత నమ్మకం ఉండొచ్చో తెలియాలని. మొదటిసారి ఆ రెండింటికీ నేను వేరువేరు మార్కులు వేశాను. కారణం తిండి. ముందు మిరపకాయ బజ్జీలు తిని కూర్చున్నాం, నాలుక అప్పటికే మండుతోంది. రెండోసారి ఉత్త మరమరాలు, మంచినీళ్ళు పెట్టుకున్నాం, ఈసారి ఆ జంట గ్లాసులు నలుగురిలో ముగ్గురికి దొరికాయి. ఇంకో మాట, ఆ రాత్రి ఎవరూ కారు తాళం ముట్టుకోకూడదు, అందరూ అక్కడే పడుకునేట్టయితేనే పెట్టుకోండి.

పోసిన వెంటనే తాగొద్దు. ఓ పది నిమిషాలు వదిలేస్తే ముందు ముక్కు మంట పుట్టించే ఘాటు పోతుంది. వాసన చూసేటప్పుడు నోరు కొంచెం తెరిచి ఉంచండి, ముక్కు గ్లాసులోకి దూర్చకండి. మొదటి గుక్క నోరు అలవాటు పడడానికే, దానితో ఏం తేల్చొద్దు. రెండో గుక్క నాలుక మీద కాసేపు నిలిపి, నమిలినట్టు అటూ ఇటూ తిప్పి మింగండి. మింగాక ఏం మిగిలిందో చూడడం ముఖ్యం, చవక సీసాల మధ్య అసలు తేడా అక్కడే బయటపడుతుంది. ఒకటి మింగగానే మాయమైపోతుంది, ఇంకొకటి చాలాసేపు దాల్చినచెక్క నమిలినట్టు ఉంటుంది.

ఇక నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది, సీసా ముందు బొమ్మ కాదు, లేబుల్ మీద ప్రూఫ్ అంకె చూడండి. ప్రూఫ్‌లో సగం ఆల్కహాల్ శాతం. 80 ప్రూఫ్ అంటే 40 శాతం, చట్టం ఒప్పుకునే కనీసం అదే. 100 ప్రూఫ్ అంటే 50 శాతం. ఒక సీసా 80 ప్రూఫ్ దగ్గర ఉందంటే నీళ్ళు వాళ్ళే కలిపి మీకు అమ్ముతున్నారు, 100 ప్రూఫ్ అయితే ఎంత కలుపుకోవాలో మీ ఇష్టం. లెక్క వేస్తే, 750 మి.లీ. 100 ప్రూఫ్ సీసాని 40 శాతానికి తెస్తే 937 మి.లీ. అవుతుంది, అంటే మూడు పెగ్గుల పైన అదనం. కానీ నాకు డబ్బు కంటే రుచే ముఖ్యం, 100 ప్రూఫ్‌లో నీళ్ళు కలిపినా పలచబడని చిక్కదనం కనిపించింది.

ఎక్కువ ప్రూఫ్‌ది ఘాటు వల్లే గెలుస్తోందేమో అన్న అనుమానం మాకూ వచ్చింది. దానికో ఉపాయం ఉంది. 30 మి.లీ. 100 ప్రూఫ్ విస్కీలో ఒక టీ స్పూను, అంటే 5 మి.లీ., నీళ్ళు పోస్తే దాదాపు 43 శాతం అవుతుంది. ఎవాన్ విలియమ్స్ అనే బర్బన్‌లో నల్ల లేబుల్‌ది సరిగ్గా 43 శాతమే. కాబట్టి ఎవాన్ విలియమ్స్ తెల్ల లేబుల్‌కి (100 ప్రూఫ్) ఒక స్పూను నీళ్ళు కలిపి నల్లదాని పక్కన పెట్టాం. రెండూ హెవెన్ హిల్ అనే కంపెనీ వాళ్ళవే, ధాన్యాల పాళ్ళూ ఒకటే, 78 శాతం మొక్కజొన్న, 10 శాతం రై (గోధుమలాంటి ఒక ధాన్యం), 12 శాతం మొలకెత్తించిన బార్లీ. బలం సమానం చేసినా తెల్లదే బాగుంది నాకు, పాకం ఇంకొంచెం మాడేదాకా ఉంచితే వచ్చే వాసన, చివర్లో చెక్క వగరు. నల్లది చెడ్డదేం కాదు, మెత్తగా, తియ్యగా ఉంటుంది. కానీ మా దగ్గర రెండింటికీ మధ్య నాలుగైదు డాలర్లే తేడా. (ఒహాయోలో స్పిరిట్స్ ధర రాష్ట్రమే నిర్ణయిస్తుంది, ఏ దుకాణంలోనైనా ఒకటే రేటు, అందుకే నేను ధరలు ఇంత ధీమాగా చెప్తున్నాను. మీ రాష్ట్రంలో కొంచెం అటూ ఇటూ ఉంటాయి.)

ఆ తెల్ల లేబుల్ మీద 'బాటిల్డ్ ఇన్ బాండ్' అని ఉంటుంది. చవక బర్బన్ కొనేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇదొక్కటే అంటాను. 1897లో వచ్చిన చట్టం అది. అప్పట్లో విస్కీ పేరుతో రంగులూ పొగాకూ కలిపిన సరుకు అమ్మేవాళ్ళు, దానికి అడ్డుకట్టగా తెచ్చారు. ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్లో తీసింది అయ్యుండాలి, ప్రభుత్వ పర్యవేక్షణలో ఉన్న గోదాంలో కనీసం 4 ఏళ్ళు పీపాల్లో ఉండాలి, సరిగ్గా 100 ప్రూఫ్ దగ్గర నింపాలి. 20 డాలర్ల సీసా మీద కూడా ఇంత హామీ దొరుకుతోందంటే అది మామూలు విషయం కాదు.

రూమ్మేట్‌తో వాదించాలంటే రైకీ గోధుమకీ తేడా చూపించండి, మాట అక్కర్లేదు. బర్బన్‌లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, మిగతాదాంట్లో ఏం వేస్తారన్నది వాళ్ళ ఇష్టం. ఓల్డ్ గ్రాండ్ డాడ్ బాండెడ్ కొనండి, అందులో రై 27 శాతం. దాని పక్కన మేకర్స్ మార్క్ పెట్టండి, అందులో రై అసలు లేదు, బదులుగా గోధుమ. మొదటిది మిరియాలు, నారింజ తొక్క. రెండోది నెయ్యి తక్కువ వేసిన గోధుమ హల్వా గుర్తుకొచ్చేలా మెత్తగా ఉంటుంది, గొంతులో గుచ్చదు. ఈ రెండూ ఒకేలా ఉన్నాయని మాతో ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. మేకర్స్ మార్క్ కొన్ని చోట్ల 30కి కొంచెం పైన ఉంటుంది, అప్పుడు అదే గోధుమ రకంలో లార్సెనీ చూడండి.

వైల్డ్ టర్కీ 101 నా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. 25 డాలర్ల చుట్టూ, 50.5 శాతం. పీపా లోపలి భాగాన్ని మొసలి చర్మంలా పగుళ్ళు వచ్చేదాకా కాలుస్తారు, ఆ కాల్చిన చెక్క రుచి లవంగం, దాల్చినచెక్క ఘాటుతో కలిసి వస్తుంది. మన నాలుకలకి, కారం మసాలా తిని పెరిగినవాళ్ళకి, ఇది వెంటనే నచ్చుతుందని నా అనుభవం. జిమ్ బీమ్ తెల్లది ఇంకా చవక, అందులో వేయించిన పల్లీల వాసన పట్టుకోండి, ఒకసారి దొరికిందంటే పల్లీ చిక్కీ విరిచినట్టే ఉంటుంది. అది 80 ప్రూఫ్ కాబట్టి నీళ్ళు కలపకండి. బఫెలో ట్రేస్ బాగుంటుంది కానీ దాని కోసం నాలుగు దుకాణాలు తిరగక్కర్లేదు, అసలు ధరకే ఎదురైతే తీసుకోండి, పెంచి అమ్ముతుంటే వదిలేయండి.

మన దగ్గరి విస్కీకి అలవాటుపడినవాళ్ళకి తేడా ఏంటో కూడా చెప్తాను. ఇండియాలో చవకగా దొరికే చాలా విస్కీల్లో ఎక్కువ భాగం చెరకు మొలాసిస్‌ నుంచి తీసిన స్పిరిట్, దానికి కొంచెం మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) విస్కీ కలుపుతారు, రంగు కోసం కారమెల్ వేస్తారు. స్ట్రెయిట్ (కనీసం రెండేళ్ళు పీపాల్లో ఉంచిన) బర్బన్‌లో రంగు, ఫ్లేవర్ ఏవీ కలపకూడదు. ఆ ఎరుపంతా లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాదే. ఆ పీపాని మళ్ళీ బర్బన్‌కి వాడడానికి లేదు కాబట్టి అవి స్కాట్లాండ్‌కీ, మన దేశంలో అమృత్, పాల్ జాన్ లాంటి సింగిల్ మాల్ట్ చేసేవాళ్ళకీ చేరతాయి.

పోయిన సారి తెనాలి వెళ్ళినప్పుడు మా బాబాయికి ఒక లీటరు వైల్డ్ టర్కీ తీసుకెళ్ళాను. ఆయన అలవాటు ప్రకారం సగం గ్లాసు పోసి సోడా సీసా తీశారు. "బాబాయ్, ఒక్క గుక్క ఉత్తది చూడు, తర్వాత నీ ఇష్టం" అన్నాను. చూశారు, కాసేపు మాట్లాడలేదు, సోడా పక్కన పెట్టి రెండు స్పూన్ల నీళ్ళు పోసుకున్నారు. మీరూ తీసుకెళ్ళాలనుకుంటే మనిషికి 2 లీటర్ల దాకా సుంకం కట్టక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో బర్బన్ మీద దిగుమతి సుంకం 150 నుంచి 100 శాతానికి తగ్గించారు, అయినా ఇక్కడ 25 డాలర్లకి వచ్చే సీసా అక్కడ ఆ ధరకి దొరకదు.

మీ చేతిలో ఇప్పుడు ఒక్క సీసాకే డబ్బుంటే ఎవాన్ విలియమ్స్ తెల్లది తీసుకోండి, రెండింటికి ఉంటే దానికి మేకర్స్ మార్క్ కలపండి. దుకాణం కౌంటర్ దగ్గర 50 మి.లీ. బుడ్డి సీసాలుంటాయి, పెద్దవి కొనే ముందు వాటితోనే పైన చెప్పిన పద్ధతి మొత్తం చేసుకోవచ్చు. కొన్నాక సీసాని నిలబెట్టే ఉంచండి, పడుకోబెడితే ఆల్కహాల్ కార్క్‌ని తినేస్తుంది. మీరుండే రాష్ట్రం పేరు రాస్తే అక్కడ వీటిలో ఏవి దొరుకుతాయో చూసి చెప్తాను.