వెనక లైటు గురించి రాస్తున్న అమ్మాయికి

బరంపురం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ వ్యాసం అందింది, నిదానంగా చదివాను. పర్లాకిమిడి నుంచి కాశీనగర్ మీదుగా గుణుపూర్ దాకా సైకిలు తొక్కే పిల్ల, సీటు కింద సంచీ కట్టాక వెనక లైటు ఎక్కడ బిగించాలో రాయడానికి పూనుకుందంటే నాకు ఎంతో సంతోషంగా ఉంది. మనకు కథలకూ కవితలకూ కొదవ లేదు. ఒక బోల్టు ఎక్కడ ఎలా బిగించాలో చదివినవాడు చేసుకోగలిగేలా చెప్పే పేజీ మాత్రం వెతికినా దొరకదు. అలాంటి పేజీని నమ్మి ఎవరో చీకట్లో రోడ్డెక్కుతారు. అందుకే దీన్ని అచ్చుకు పంపకముందే తిరగరాయమంటున్నాను.

నీ వ్యాసమంతా సీటు మీద కూర్చుని రాసినట్టుంది. స్విచ్చి చేతికి అందుతుందా, తీసి ఛార్జింగ్ పెట్టుకోవడం సులువేనా, చూడ్డానికి బాగుందా, ఇవన్నీ తొక్కేవాళ్ల ప్రశ్నలు. ఆ లైటును చూడాల్సినవాడు వెనక లారీలో ఉన్నాడు. వాడి వైపు నుంచి ఒక్క వాక్యం కూడా లేదు. ఒక సాయంత్రం సంచీ నిండుగా సర్ది, లైటు వెలిగించి, సైకిలు స్టాండు వేసి, రోడ్డు వెంట వెనక్కి నడిచి వెళ్లి నిలబడు. ఒకసారి నిలబడి చూడు, ఒకసారి కూర్చుని చూడు, కాస్త కుడికి జరిగి చూడు. అక్కడ కనిపించినదాన్ని రాయి.

మొదటి పేరాలో మహేంద్రతనయ మీద పొద్దు గుంకడం గురించి రాశావు. బాగా రాశావు, కాదనను. కానీ ఈ వ్యాసం తెరిచే మనిషి ఒక చేత్తో లైటు, ఇంకో చేత్తో రబ్బరు పట్టీ పట్టుకుని ఉంటాడు. అతనికి అందులోంచి పనికొచ్చేది ఒక్కటే: దేశమంతటి గడియారాలకు ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశానికి మనం తూర్పున ఉన్నాం కాబట్టి డిసెంబరులో మనకు గడియారం ఐదున్నర దాటేసరికి మసక కమ్ముతుంది. కాలేజీ, ట్యూషన్, బజారు పని ముగించుకుని ఇంటికి బయల్దేరే వేళ అది. పైగా కోతల రోజులు, రోడ్డు పక్కన వడ్లు ఆరబోసి ఉంటాయి, సైకిలు రోడ్డు మధ్యకు జరగక తప్పదు. ఆ మాట చెప్పి నేరుగా పనిలోకి దిగు.

ఇక అసలు సంగతి. “సీటు రాడ్డుకు చోటు లేకపోతే వెనక గొట్టానికి బిగించుకోవచ్చు” అని ఒక్క ముక్కలో దాటేశావు. సీటు దగ్గర నుంచి వెనక చక్రం ఇరుసుకు దిగే ఆ సన్నగొట్టం దగ్గరే నీ వ్యాసం ఎక్కువసేపు ఆగాలి. పాఠకుడు ఇబ్బంది పడేది అక్కడే. చాలా గేరు సైకిళ్లకు సీటు రాడ్డు 27.2 మిల్లీమీటర్ల లావు ఉంటుంది. ఈ గొట్టం అందులో సగానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. లావు రాడ్డు కోసం చేసిన పట్టీ దీని మీద వదులై జారుతుంది. పాత ట్యూబును రెండు వేళ్ల వెడల్పున పట్టీగా కోసి, గొట్టానికి బిగుతుగా చుట్టి, ఆ పైన లైటు పట్టీ వేయాలి. ఎందుకు బిగుతుగా అన్నది కూడా చెప్పు. గతుకుల్లో లైటు జారి లోపలి వైపు తిరిగితే చక్రం పుల్లల్లోకి పోతుంది. అందుకే దాని కింద గొట్టానికి ఒక ప్లాస్టిక్ టై గట్టిగా బిగించి వదలాలి. జారినా అక్కడే ఆగుతుంది.

ఇంకో సంగతి, ఇది నీ దృష్టికి రాలేదు. సీటు రాడ్డు పైకి పోయేకొద్దీ వెనక్కి వాలి ఉంటుంది, నేలతో సుమారు 73 డిగ్రీల కోణంలో. దానికి కట్టిన లైటు కిందికి చూడకూడదని, చాలా కంపెనీలు బిగింపులోనే ఆ వాలు సరిదిద్దుతాయి. వెనక గొట్టం వాలు అందుకు ఎదురు, పైకి పోయేకొద్దీ ముందుకు వంగుతుంది. అదే బిగింపును తీసుకెళ్లి దానికి కడితే లైటు ఆకాశం వైపు చూస్తుంది. పక్కన నిలబడి చూస్తే బాగా వెలుగుతున్నట్టే ఉంటుంది, వెనక దూరంలో ఉన్న డ్రైవరుకు మాత్రం అందాల్సినంత అందదు. ఈ ఎల్ఈడీ లైట్ల వెలుగు సూటిగా పోయేలా కటకం పెడతారు, పక్కలకు తప్పితే బాగా తగ్గిపోతుంది. కాబట్టి బిగింపు దగ్గర పైకీ కిందికీ వంగే కీలు ఉన్న లైటు కొనమని చెప్పు. కీలు లేనిదే ఇంట్లో ఉంటే, బిగింపుకూ గొట్టానికీ మధ్య పై వైపున రబ్బరు ముక్క దూర్చి లైటును నేలకు సమానంగా దించమని చెప్పు.

ఏ పక్క గొట్టం? మనం రోడ్డుకు ఎడమ పక్కన పోతాం, దాటే బండ్లు కుడివైపు నుంచి వస్తాయి. ఎడమ గొట్టానికి కడితే చక్రమే అడ్డొచ్చి కుడి నుంచి చూసేవాడికి లైటు సగం దాక్కుంటుంది. అందుకని కుడి గొట్టం. అయితే గేరు సైకిలుకు గేరు తీగ కొన్నిసార్లు ఆ పక్క గొట్టం వెంటే పోతుంది, దాన్ని పట్టీ కింద నలపకూడదు. మడమ తగులుతుందేమో పెడలు వెనక్కి తిప్పి చూసుకోవాలి. నీ కుడి, ఎడమ సైకిలు మీద కూర్చున్నప్పటివా, వెనక నిలబడినప్పటివా అన్నది మొదటిసారి వాడినప్పుడే చెప్పెయ్యి. (రెండూ ఒకటే అవుతాయి, అయినా పాఠకుడు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు. ఆ క్షణం అతనికి మిగుల్చు.)

సంచీకి వెనక కుట్టిన పట్టీలో లైటు గుచ్చుకోవడం నీకు నచ్చిన మార్గం. నాకు దాని మీద అంత నమ్మకం లేదు, ఎందుకో లెక్క చెబుతాను. నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న లైటు 10 డిగ్రీలు కిందికి వాలిందనుకో, దాని నడిమి వెలుగు నాలుగు మీటర్ల దూరంలోనే రోడ్డును తాకుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఒక్క సెకనులో పద్నాలుగు మీటర్లు వస్తుంది. సంచీ ఖాళీగా ఉంటే 10 డిగ్రీలు వాలడం ఎంతసేపు? ఇలాంటి రెండు అంకెలు పక్కపక్కన పెడితే నువ్వు ‘జాగ్రత్త’ అని రాయనక్కర్లేదు. ఆ మాట నీ ప్రతిలో చాలాచోట్ల ఉంది, చాలావరకు తీసెయ్యి. తప్పనిసరై సంచీకే పెట్టాలంటే, ఆ పట్టీ వెనక సంచీ లోపల గట్టి ప్లాస్టిక్ ముక్క నిలబెట్టి, క్లిప్పు ఊడకుండా సన్న టైతో కట్టమని రాయి.

సంచీని సీటుకు వీలైనంత దగ్గరగా లాగి కట్టి, కింద మిగిలిన రాడ్డుకు లైటు పెట్టొచ్చని రాశావు. పొడుగు మనుషులకు అది కుదురుతుంది. కానీ లైటు కిందికి దిగేకొద్దీ టైరూ మడ్గార్డూ దానికి అడ్డొస్తాయి. వెనక్కి నడిచి వెళ్లి చూడమన్నది ఇందుకే. సీటు కింది కమ్మీలకు బిగించే ముక్కలూ దొరుకుతాయి, సంచీ పట్టీలు కూడా అక్కడే చుట్టుకుంటాయి కాబట్టి కొనేముందు రెండూ పెట్టి చూసుకోమంటే చాలు. హెల్మెట్ లైటు గురించి ఒక్క వాక్యం చాలు: తల తిప్పినప్పుడల్లా అదీ తిరుగుతుంది, అదనంగా ఉంచుకోవచ్చు, అదొక్కటే వద్దు.

నువ్వు అసలే తలవనిది క్యారియర్. నీ సైకిలుకు లేదు కాబట్టి నీకు గుర్తు రాలేదు. నీ పాఠకుల్లో ఎక్కువమంది పాలవాళ్లు, బడిపిల్లలు, పాతపట్నం నుంచి పనికొచ్చేవాళ్లు. వాళ్లవి క్యారియరూ మడ్గార్డూ ఉన్న పెద్ద సైకిళ్లు. వాళ్లకు చోటు వెతుక్కునే బాధే లేదు, క్యారియర్ చివర లైటు పెడితే సంచీ అడ్డు రాదు. కొన్ని క్యారియర్లకు వెనక చిన్న రేకు, దానికి 50 లేదా 80 మిల్లీమీటర్ల దూరంలో రెండు రంధ్రాలు ఉంటాయి, లైటు బోల్టులు నేరుగా అందులో పడతాయి. రేకు లేకపోతే ఎల్ ఆకారపు ఇనప పట్టీ ఒకటి సైకిలు షాపులో బిగించి ఇస్తారు. మూట కడితే వెనక్కి వేలాడి లైటును కప్పకుండా చూసుకోవాలి. చున్నీ, పొడుగు రెయిన్‌కోటు కూడా అంతే. ఈ పేరా నీ వ్యాసానికి మధ్యలో కాదు, మొదట్లోనే రావాలి.

భాష గురించి ఒక్క మాట. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా పనిచేసిన పర్లాకిమిడిలో ఉంటున్నావు. వాడుక భాషే చదువుకూ రాతకూ తగినదని ఆయన వాదించింది అక్కడి నుంచే. 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిశాక ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు, మన మాట మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇప్పటికీ షాపు బోర్డు ఒడియాలో ఉన్నా, లోపల పానా అడిగేది తెలుగులోనే. నీ వ్యాసాన్ని ఆ షాపులో కూర్చుని మేస్త్రీకి పైకి చదివి వినిపించు. ఆయన ఎక్కడ “ఏంటమ్మా?” అంటే అక్కడ ఆయన చెప్పిన మాటే వేసుకో.

లైటు నిలకడగా వెలగాలా, ఆరి వెలగాలా అన్న చోట నువ్వు రాసిందే సరి: నిలకడ వెలుగైతే దూరం అంచనా వేయడం తేలిక, రెండు లైట్లుంటే ఒకటి అలా, ఒకటి ఇలా. అది కదపకు. బొమ్మలు మూడు పంపావు, మూడూ పక్క నుంచి తీసినవే. వెనక నుంచి చీకటి పడ్డాక తీసిన ఫొటో ఒకటి కావాలి, సంచీ నిండుగా ఉండగా. తిరగరాసిన ప్రతి సంక్రాంతి లోపు పంపితే నేను చూసి వెంటనే అచ్చుకు పంపిస్తాను. అమ్మానాన్నలకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి