శివరాత్రి రోజుల్లో ఆకుల్లేకుండా ఎర్రగా పూసే చెట్లన్నీ మోదుగలేనా?

కావు, వాటిలో బూరుగ చెట్లు కూడా ఉంటాయి. దూరం నుంచి రెండూ ఎర్రగానే కనిపిస్తాయి కాబట్టి పువ్వు, మాను చూసి గుర్తుపట్టాలి.

మోదుగ పువ్వు నారింజ రంగులో, చిలక ముక్కులా వంపు తిరిగి ఉంటుంది. దాని తొడిమ దగ్గరి గిన్నె నల్లగా, మఖమల్ గుడ్డలా మెత్తగా తగులుతుంది. మాను వంకరటింకరగా పెరుగుతుంది. బూరుగ మాను నిటారుగా పోతుంది, లేత చెట్లకైతే మాను నిండా ముళ్లే. పువ్వు అరచేతి నిండా వస్తుంది, దళసరి రేకులు ఐదు. అనుమానముంటే చెట్టు కింద రాలిన ఆకులు చూడండి: ఒకే కాడకు మూడు పెద్ద ఆకులుంటే మోదుగ (విస్తళ్లు కుట్టేది వీటితోనే), ఐదో ఏడో చేతివేళ్లలా విడివడి ఉంటే బూరుగ.

ఎండలు ముదిరేకొద్దీ నేలలో తడి తగ్గుతుంది. ఆకుల ద్వారా నీరు ఆవిరైపోకుండా ఈ చెట్లు వాటిని రాల్చేసి, మానులో, వేళ్లలో దాచుకున్న ఆహారంతో పూస్తాయి. ఆకుల చాటు లేకపోవడంతో తేనె కోసం వచ్చే పక్షులకు పూలు తేలిగ్గా కనబడతాయి. అవే పరాగ సంపర్కం చేస్తాయి. ఉదాహరణకు ఫిబ్రవరి, మార్చిలో పూసిన మోదుగకు వానలు పడేలోపు కాయలు ముదురుతాయి, గింజ మొలవడానికి తడి దొరుకుతుంది.

ఆకు లేదు కదా, చెట్టు ఎండిపోయిందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. గోటితో కొమ్మ బెరడు కాస్త గీకితే లోపల పచ్చిగా ఉంటుంది.