ఒక్క స్టాప్‌వాచ్‌నే నమ్ముకోకు మాధవీ

చిరంజీవి మాధవికి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అత్తయ్య మోకాళ్లు తప్ప కొత్త సంగతులేమీ లేవు. మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. నెల్లూరులో మీ కాలేజీ పీజీలకు లాప్రోస్కోపీ, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి తెర మీద చూస్తూ చేసే ఆపరేషన్, నేర్పే ల్యాబ్ పెట్టే పని నీ నెత్తిన వేశారట. ఏడాది చివర పరీక్ష పెట్టి, ఎవరు థియేటర్లో చెయ్యి పెట్టొచ్చో తేల్చాల్సింది కూడా నువ్వేనట. వినగానే కాలర్ ఎగరేసుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. ఓపిగ్గా చివరిదాకా చదువు.

సామాన్ల గురించి ఎక్కువ చెప్పను. కంపెనీ వాళ్లు లక్షల ఖరీదు చేసే సిమ్యులేటర్లు తెచ్చి చూపిస్తారు. బడ్జెట్ ఉంటే కొను, లేకపోతే బెంగ పెట్టుకోకు. అట్టపెట్టె, వెబ్‌క్యామ్, ఒక ఎల్‌ఈడీ లైటు, థియేటర్లో పక్కన పడేసిన పాత గ్రాస్పర్లు (లోపల పట్టుకునే పొడవాటి పట్టకార్లు) ఉంటే మొదలుపెట్టొచ్చు. బత్తాయి తొన మీది పొర ఒలిపించు. కోడి తొడ మీది తోలు కండ చిరగకుండా విడదీయమను. మన జిల్లాలో రొయ్యలకు కరువా? ఒకటి పెట్టెలో పెట్టి, వీపు మీది నల్లనరం తెగకుండా లాగమను. అది లాగేసరికి చలికాలంలోనూ చెమట పడుతుంది. సాయంత్రం ల్యాబ్ కడిగించడం మాత్రం మర్చిపోకు, ఆ వాసనకు మీ హెచ్‌ఓడీ ల్యాబే మూయించేస్తాడు.

పరీక్షకు కొత్తగా ఏదీ కనిపెట్టనక్కర్లేదు. మాంట్రియల్‌లో మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన పద్ధతి ఆధారంగా అమెరికా సర్జన్ల సంఘం సేజెస్ 2004లో ఎఫ్‌ఎల్‌ఎస్ అనే పరీక్ష తెచ్చింది. అందులో చేతి పనులు ఐదు. ఆరు రబ్బరు ముక్కల్ని ఒక్కొక్కటే ఎడమ చేతి గ్రాస్పర్‌తో ఎత్తి, గాలిలోనే కుడి చేతికి అందించి, అవతలి పుల్లలకు తగిలించి, మళ్లీ వెనక్కి తేవాలి. గాజుగుడ్డ మీద గీసిన గుండ్రటి గీత దాటకుండా కత్తిరించాలి. దారం లూప్ (ఉచ్చు) వేసి బిగించాలి. బయట వేసిన ముడిని లోపలికి నెట్టాలి. చివరగా లోపలే కుట్టి, లోపలే ముడి వేయాలి. మొదటిదానికి 300 సెకన్లు, చివరిదానికి 600 సెకన్లు గడువు. కొన్నేళ్లకే అక్కడ జనరల్ సర్జరీ బోర్డు పరీక్ష రాయాలంటే ఇది పాసవ్వాలని నియమం పెట్టారు. ఐదూ చేయించు. లోపల పనిముట్టు కుడికి పోవాలంటే బయట చెయ్యి ఎడమకు పోవాలన్న సంగతి, తెర మీద లోతు తెలియదన్న సంగతి పేషెంటు పొట్టలో నేర్చుకునేవి కావు.

ఒక్క రోజులో కూర్చోబెట్టి అన్నీ చేయించేయకు. వారానికోసారి చేయించు. 2006లో టొరంటోలో రెసిడెంట్లను, అంటే అక్కడి పీజీలను, రెండు గుంపులు చేసి, సన్న రక్తనాళాలు కుట్టడం ఒక గుంపుకు ఒకే రోజున, రెండో గుంపుకు వారానికోసారి చొప్పున నాలుగు వారాలు నేర్పారు. నెల తర్వాత చూస్తే వారం వారం నేర్చుకున్నవాళ్ల చేతులే మెరుగ్గా ఉన్నాయి. మీ టైమ్‌టేబుల్లో వారానికో గంట దొరకదని నువ్వంటావు. దొరికించుకోవాలమ్మా, అందుకే నీకు అప్పజెప్పింది.

కెమెరా పట్టుకోవడం కూడా నేర్పించు, దానికీ మార్కులు పెట్టు. మన దగ్గర కెమెరా ఎప్పుడూ ఫస్టియర్ పిల్లాడి చేతిలో ఉంటుంది, వాడికి ఎవరూ ఏదీ చెప్పరు, కదిలినప్పుడల్లా తిడతారు.

ఇక అసలు సంగతికి వస్తాను. నిద్ర పట్టనిది దీని వల్లే.

మా రోజుల్లో లాప్రోస్కోప్ అంటే గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) కాదు, డీపీఎల్ క్యాంపు, అంటే లాప్రోస్కోప్‌తో ఆడవాళ్లకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల క్యాంపు. మార్చి వచ్చిందంటే కు.ని. ఆపరేషన్ల టార్గెట్లు. పీహెచ్‌సీ వరండాలో ఆడవాళ్లను వరసగా కూర్చోబెట్టేవాళ్లు. లోకల్ ఇంజెక్షన్, పొట్టలోకి గాలి, ఐపీస్‌కు ఒక కన్ను ఆనించి రెండు ట్యూబులకూ రింగులు తొడగడం, అంతే, తర్వాతి మనిషి. తెర లేదు, రెండో చేతికి పెద్దగా పని లేదు. సాయంత్రం జీపెక్కేటప్పుడు అందరూ అడిగేది ఒకటే, "ఇవాళ ఎన్ని?" ఎలా చేశావని ఒక్కరూ అడిగేవాళ్లు కాదు. ఒక టీము రోజుకు 30కి మించి చేయకూడదని తర్వాత కేంద్రం కాగితం మీద రాయాల్సి వచ్చిందంటే ఆ లెక్కల పిచ్చి ఎందాకా పోయిందో చూసుకో.

ఆ లెక్కల్లో జిల్లాకే ఫస్టు మా సీనియర్ ఒకాయన. పేరొద్దు, మనిషి ఇప్పుడు లేడు. చెయ్యి బంగారం. ముంబై జేజే ఆస్పత్రిలో ఉద్వాడియా గారు 1990లో దేశంలో మొదటిసారి లాప్రోస్కోపీతో గాల్‌బ్లాడర్ తీశాక, ఆ గాలి నాలుగైదేళ్లకు మన వైపూ వీచింది. అందరూ భయపడుతుంటే ఈయన మాత్రం "లాప్రోస్కోప్ మనకు కొత్తేంది?" అన్నాడు. ఒక ఊళ్లో రెండు రోజుల వర్క్‌షాప్‌కు వెళ్లాడు. మొదటి రోజు లెక్చర్లు, రెండో రోజు టీవీలో లైవ్ ఆపరేషన్, భోజనాలు, ఒక బ్యాగు, ఒక సర్టిఫికెట్. ఆ రెండు రోజుల్లో ఆయన చేతికి గ్రాస్పర్ ఇచ్చి, ఏం చేస్తాడో చూసిన మనిషి లేడు. ఆ సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి కన్సల్టింగ్ రూములో తగిలించాడు.

మొదటి నాలుగైదు కేసులు నల్లేరు మీద నడకలా పోయాయి. తర్వాత కనిగిరి వైపు నుంచి ఒకామె వచ్చింది. నలభై దాటని మనిషి, ఇద్దరు పిల్లలు, కందీ పొగాకూ వేసుకునే మెట్ట కుటుంబం. ఆపరేషన్ నలభై నిమిషాల్లో అయిపోయింది. నా కేసు కోసం థియేటర్లోకి వెళ్తుంటే ఆయన గ్లవ్స్ తీస్తూ, "నలభై నిమిషాలయ్యా!" అని భుజం తట్టాడు. మూడో రోజుకు ఆమె కళ్లు పచ్చబడ్డాయి. పొట్ట ఉబ్బింది, జ్వరం. రాత్రి నన్ను పిలిపించాడు. పొట్ట తెరిచాం. లోపలంతా పైత్యరసం. తుడుచుకుంటూ పోతే అడుగున రెండు క్లిప్పులు కనిపించాయి. ఎంత నీటుగా పడ్డాయో చెప్పలేను, పక్కపక్కన, సరిగ్గా అడ్డంగా. పడింది సీబీడీ మీద, లివర్ నుంచి పేగుకు పైత్యరసం మోసే పెద్ద నాళం మీద. పైన నాళం కూడా తెగి ఉంది.

ఎలా జరిగిందో నీకు తెలుసు, నీ పీజీలకు తెలియాలి. గాల్‌బ్లాడర్ మెడను పక్కకు, కిందికి లాగాల్సింది పోయి పైకి లాగి పట్టాడు. అలా లాగితే సిస్టిక్ డక్ట్ (గాల్‌బ్లాడర్ నుంచి వచ్చే, క్లిప్పు వేసి కోయాల్సిన సన్న నాళం), సీబీడీ ఒకే వరసలోకి వచ్చి ఒకటే నాళంలా కనిపిస్తాయి. ఆయన కన్ను దాన్ని సిస్టిక్ డక్ట్ అని నమ్మింది. కన్ను నమ్మాక చెయ్యి తన పని తాను అద్భుతంగా చేసింది.

డ్రెయిన్ పెట్టి అంబులెన్స్‌లో చెన్నై పంపించాం. అక్కడ పేగును తెచ్చి నాళానికి కలిపి కుట్టారు. బతికింది. కానీ ఏళ్ల తరబడి జ్వరాలు, చలి, మళ్లీ చెన్నై. చేను అమ్ముకున్నారు. అంబులెన్స్ ఎక్కించే ముందు ఆమె మరిది నన్ను పక్కకు పిలిచి, "గోడ మీద సర్టిఫికెట్ ఉంది కదా సార్?" అనడిగాడు. గొడవ పెట్టుకుందామని కాదు. నిజంగానే తెలియక అడిగాడు.

ఆ పెద్దమనిషిని నేనెన్నడూ తిట్టలేదు. ఆ సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ల మీద మాత్రం నా కోపం ఈరోజుకీ తగ్గలేదు. వచ్చి కూర్చున్నాడన్న దానికి, చేయగలడని సంతకం పెట్టి ఇచ్చారు. రేపు నీ సంతకం కూడా అలాంటి కాగితం మీదే పడబోతోంది.

ఇది మన ఒంగోలు గొడవే అనుకోకు. అమెరికాలో సదరన్ సర్జన్స్ క్లబ్ వాళ్లు 55 మంది సర్జన్లు లాప్రోస్కోపీతో చేసిన 8,839 గాల్‌బ్లాడర్ ఆపరేషన్లు లెక్క తీశారు. 15 మందికి పైత్యనాళం దెబ్బతింది. అందులో 90 శాతం ఆయా సర్జన్ల మొదటి 30 కేసుల్లోనే. మొదటి కేసులో ఆ ముప్పు 1.7 శాతం, యాభయ్యో కేసుకు 0.17 శాతం అని వాళ్ల అంచనా. మరి మన దగ్గర ఆ మొదటి ముప్పై మంది ఎవరు? డబ్బున్నవాళ్లు నెల్లూరు దాటి చెన్నై పోతారు. మీ పీజీల కత్తి కిందికి వచ్చేది ఉదయగిరి నుంచి, కలిగిరి నుంచి తెల్లారుజామున బస్సెక్కి వచ్చిన మనిషే.

2003లో లారెన్స్ వే అనే సర్జన్, ఆయన జట్టు ఇలాంటి 252 కేసుల వీడియోలు, రికార్డులు ముందేసుకుని కూర్చున్నారు. 97 శాతంలో మూలం కంటి భ్రమ. చేతి నైపుణ్యం తక్కువై జరిగినవి 3 శాతమే. ఇప్పుడు చెప్పు, రబ్బరు ముక్కలు 48 సెకన్లలో మార్చాడని ఒకడికి ఫస్టు మార్కు వేస్తే నువ్వు దేన్ని కొలిచినట్టు? ఆర్టీవో గ్రౌండ్‌లో ఎనిమిది వేసినవాడికి ఘాట్ రోడ్డు మీద లారీ ఇచ్చినట్టు ఉంటుంది. మా సీనియర్‌కు నీ అట్టపెట్టె పరీక్ష పెట్టి ఉంటే నూటికి నూరు వచ్చేవి.

కాబట్టి పెట్టె పరీక్షను గేటు వరకే వాడు. లోపలికి వచ్చాక చూడాల్సింది వేరు. స్ట్రాస్‌బర్గ్ అనే సర్జన్ 1995లో చెప్పిన క్రిటికల్ వ్యూ, అంటే క్లిప్పు వేసే ముందు కనిపించి తీరాల్సిన దృశ్యం, దాని మూడు షరతులూ ప్రతి పీజీ నోటితో చెప్పి, తెర మీద చూపించాలి. లివర్ అంచుకూ నాళాలకూ మధ్యనున్న త్రికోణంలో కొవ్వూ పొరా శుభ్రం కావాలి, గాల్‌బ్లాడర్ కింది మూడో వంతు లివర్ నుంచి విడిపోవాలి, గాల్‌బ్లాడర్‌లోకి పోయేవి, సిస్టిక్ డక్టూ దాని పక్క రక్తనాళమూ, రెండంటే రెండే కనిపించాలి. ముందు నుంచి ఒకసారి, తిప్పి వెనక నుంచి ఒకసారి. అది చూపించేదాకా సిస్టర్ క్లిప్ అప్లయర్ చేతికి ఇవ్వకూడదని థియేటర్లో చెప్పి పెట్టు. సిస్టర్లకు ఆ అధికారం ఇవ్వు, వాళ్లు నీకంటే గట్టివాళ్లు.

మార్కులకు గోల్స్ అని ఒక స్కేలుంది, 2005 నాటిది, అదీ మెక్‌గిల్ వాళ్లదే. లోతు అంచనా, రెండు చేతుల పొందిక, వృథా కదలికలు లేకపోవడం, కణజాలాన్ని పట్టుకునే తీరు, సొంతంగా చేయగలగడం, ఒక్కోదానికి ఐదు చొప్పున పాతిక. వీడియో మీద పేరు లేకుండా ఇద్దరితో వేయించు. దానికి ముందు ఆ ఇద్దరినీ ఒకే వీడియో ముందు కూర్చోబెట్టు. ఒకాయన నాలుగేసిన చోట ఇంకొకాయన రెండేస్తాడు. ఎందుకో వాదించుకోనివ్వు. అది తేలకుండా పిల్లల మీదికి పోవద్దు.

ఇంకో స్టేషన్ తప్పక పెట్టు. ఏదీ ఏదో తెలియనంతగా అతుక్కుపోయిన గాల్‌బ్లాడర్ వీడియో వేసి "ఇప్పుడేం చేస్తావ్?" అని అడుగు. ఆపుతాననో, సీనియర్‌ను పిలుస్తాననో, సగం తీసి వదిలేస్తాననో, ఓపెన్ చేస్తాననో అన్నవాడికి పూర్తి మార్కులు. ఇంకాస్త ట్రై చేస్తానన్నవాడు ఫెయిల్, మళ్లీ రావాలి.

నా అసలు భయం అక్కడే మాధవీ. వాణ్ని నువ్వు ఫెయిల్ చేయవు. నాకు తెలుసు. చిన్నప్పుడు మా అరుగు మీద బడి ఆట ఆడుతూ, మార్కాపురం పలక మీద పిల్లలందరికీ పదికి పది వేసేదానివి. ఆ బుచ్చిగాడు అ ఆలు కూడా రాయకపోతే "పాపం, రేపు రాస్తాడులే" అని వాడికీ పదేశావు. అప్పుడు ముద్దొచ్చింది. ఇప్పుడు ఆ పని చేశావంటే నేనే వచ్చి నిన్ను తిడతాను. నాన్న ఫోన్లు వస్తాయి, ఎమ్మెల్యే పీఏ ఫోన్ చేస్తాడు, ఆ అబ్బాయి నీ రూము బయట ఏడుస్తూ నిలబడతాడు. టీ ఇప్పించు, పక్కన కూర్చో, ఎక్కడ తప్పాడో వీడియో వేసి చూపించు, నెల తర్వాత మళ్లీ రమ్మను. మార్కు మాత్రం మార్చకు. నీకు టెన్షన్ ఎక్కువైతే ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి, ముసలాళ్లకు ఎలాగూ నిద్ర ఉండదు.

సీనియర్లను వదలకు. మిషిగన్‌లో 20 మంది సర్జన్లు తమ ఆపరేషన్ వీడియోలు తామే ఇస్తే తోటివాళ్లు పేరు తెలియకుండా మార్కులు వేశారు. 2013లో ఆ లెక్కలు వచ్చాయి. అడుగు పావు వంతులో ఉన్నవాళ్ల పేషెంట్లకు చిక్కులు 14.5 శాతం, పై పావు వంతువాళ్లకు 5.2 శాతం. వాళ్లంతా పిల్లలు కారు, ప్రాక్టీసులో ఉన్నవాళ్లు. మీ డిపార్టుమెంట్లో దీన్ని ఎవరూ ఒప్పుకోరు. అందుకు నేనొక ఉపాయం ఆలోచించాను.

ల్యాబ్ తెరిచే రోజు చెప్పు, పినాకిని రైల్లో వచ్చి దిగుతాను. మొదటి పరీక్షకు నన్ను కూర్చోబెట్టు. కళ్లజోడు పెట్టుకుని ఆ రబ్బరు ముక్కలతో కుస్తీ పడతాను. 300 సెకన్లు దాటితే మామయ్య అని చూడకుండా ఫెయిల్ అని రాసి నోటీసు బోర్డులో అంటించు. నేను కూర్చున్నాక మీ హెచ్‌ఓడీకి కూర్చోక తప్పదు. ఆయన నా స్టూడెంటే.

ఇట్లు,
మీ మామయ్య,
ఒంగోలు