ఎన్నారై సందేహాలు: రాతలో అర బ్యాండు తగ్గింది, మళ్లీ ఫీజు కట్టమంటారా?

ఒడిశాలోని గుణుపురం నుంచి మెల్‌బోర్న్ వచ్చి ఇంకా ఏడాది తిరగని ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో తొమ్మిది బ్యాండులకు మొత్తం మీద 7.5 వచ్చిందట, రాత విభాగంలో మాత్రం 6.5 దగ్గర ఆగిపోయిందట. తనకు వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం అన్న నాలుగు విభాగాల్లోనూ 7 కావాలి. వచ్చే నెలకు తేదీ దొరికింది కాబట్టి వెంటనే ఫీజు కట్టేయమంటారా అని అడుగుతోంది.

కట్టవద్దమ్మా, ఇప్పుడే కట్టవద్దు. నాది పర్లాకిమిడి. మా ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలో మాత్రమే ఉండేది. 2013లో నేనూ సరిగ్గా నీ స్థితిలోనే ఉండి ఈ పరీక్ష నాలుగుసార్లు రాశాను. ఒక్కొక్కసారికి మూడు వందల డాలర్లకు పైగా అయ్యేది; రాత్రిపూట గిడ్డంగిలో పెట్టెలు సర్దే నాకు అది ఒక వారం కూలి. ప్రతి ఖర్చునూ నోటుపుస్తకంలో ఒక పక్క డాలర్లలో, మరో పక్క రూపాయల్లో రాసుకునేవాణ్ణి. ఆ పుస్తకం ఈనాటికీ నా బీరువాలో ఉంది. అందులో మొదటి మూడు ఫీజుల కింద నేను ఎర్ర సిరాతో గీత గీశాను, ఎందుకంటే ఆ డబ్బు పోయింది తెలివి తక్కువై కాదు, పరీక్ష అంటే ఏమిటో తెలియక.

తెలిపినది మా ఆవిడ. పెళ్లయి వచ్చేటప్పుడు తన పెట్టెలో బి.ఇడి. పుస్తకాలు తెచ్చుకుంది. మూల్యాంకనం మీద ఉన్న ఒక పుస్తకంలో సాధన పరీక్ష, ప్రావీణ్య పరీక్ష, లోపనిర్ధారణ పరీక్ష అని మూడింటిని విడదీసి చెప్పారు. చెప్పిన పాఠం ఎంత వచ్చిందో చూసేది సాధన పరీక్ష. ఏ పాఠంతోనూ నిమిత్తం లేకుండా, భాషతో నీవు ఏ పని చేయగలవో చూసేది ప్రావీణ్య పరీక్ష. ఎక్కడ తప్పుతున్నావో చెప్పేది లోపనిర్ధారణ పరీక్ష. నేను ప్రావీణ్య పరీక్షను సాధన పరీక్ష అనుకుని సిలబస్ వెతికాను, ఆ తరువాత దాన్నే లోపనిర్ధారణ పరీక్షగా వాడుకోబోయాను. మూడు వందల డాలర్లు పోసి తెచ్చుకున్న ఫలితపత్రంలో 6.5 అన్న అంకె ఉంటుంది గానీ, నీ రెండో పేరా ఎందుకు నిలబడలేదో ఉండదు. ఆ సంగతి తెలుసుకోవడానికి అంతకంటే చాలా చవకైన దారులున్నాయి.

రెండో ఫీజు పోయిన తీరు మరింత బాధాకరం. మన వైపు పిల్లలు ప్రవేశ పరీక్షల ర్యాంకులతో పెరుగుతారు. పక్కవాడు బాగా రాస్తే మన సీటు పోతుంది. ఐఈఎల్‌టీఎస్ అలాంటిది కాదు, అది నికష ఆధారితం. అంటే ముందే రాసి పెట్టిన ప్రమాణాలతో నీ రాతను పోలుస్తారు తప్ప, ఆ రోజు హాలులో కూర్చున్నవారితో పోల్చరు. ఇది తెలియక, ఫలానా ఊళ్లో రాసేవాళ్లు తక్కువ, దిద్దేవాళ్లు ఉదారంగా ఉంటారు అని ఎవరో చెప్పిన మాట నమ్మి, రాత్రి బస్సెక్కి ఆ ఊరికి వెళ్లాను. బస్సు, బస, భోజనం, రెండు రోజుల కూలి నష్టం, వీటన్నిటి లెక్కా నోటుపుస్తకంలో ఉంది. రాతలో 6 వచ్చింది, అంటే మొదటిసారి కంటే అర బ్యాండు తక్కువ.

రెండు నెలల్లో నా ఇంగ్లీషు దిగజారలేదు. కొలతలోనే కొంత ఊగిసలాట ఉంటుంది. ప్రశ్న మారుతుంది, దిద్దే చేయి మారుతుంది, మన నిద్ర మారుతుంది. ఒకే మనిషిని మళ్లీ మళ్లీ కొలిస్తే అంకె ఎంత నిలకడగా వస్తుందన్నదే విశ్వసనీయత. ఏ భాషా పరీక్షకూ అది నూటికి నూరు పాళ్లు ఉండదు. అందుకే కొలత దోషం అనే మాట పుట్టింది. నీ 6.5 అంటే నిజమైన స్థాయి ఆ చుట్టుపక్కల ఉందని అర్థం. ఏమీ నేర్చుకోకుండా మళ్లీ రాస్తే ఒకనాడు 7 రావచ్చు కూడా. కానీ దాని కోసం ఫీజు మీద ఫీజు కట్టడమంటే లాటరీ టికెట్టు కొనడమే, అదీ వారం కూలి పెట్టి. పునఃపరిశీలన కోరడానికీ, ఒక్క విభాగమే మళ్లీ రాయడానికీ ఇప్పుడు వీలుంది. గడువులూ, వాటిని ఏ కార్యాలయం ఒప్పుకుంటుందన్నదీ అధికారిక పేజీలో చూసుకో.

మూడో ఫీజును కంఠస్థం మింగింది. కోచింగ్‌లో ఇచ్చిన వ్యాసాలు ఇరవై బట్టీ పట్టాను. మాటల పరీక్షలో నీవు చేసిన ఒక ప్రయాణం గురించి చెప్పమన్నారు. నేను ఎన్నడూ చూడని తాజ్‌మహల్ ప్రయాణాన్ని గడగడా అప్పజెప్పాను. పరీక్షకురాలు రికార్డరు పక్కన చేతులు కట్టుకుని విని, ఆ రోజు ఎక్కడ భోజనం చేశారని అడిగింది. నాకు మాట రాలేదు. నౌపడా నుంచి గుణుపురం వెళ్లే చిన్న రైలులో, వంశధార పక్కన, మా నాన్నగారితో నేను చేసిన ప్రయాణాలు ఎన్నో ఉన్నాయి. వాటి గురించి తప్పుల ఇంగ్లీషులో చెప్పినా నా నిజమైన భాష బయటికి వచ్చేది.

ఇక్కడే సప్రమాణత అన్న మాట అర్థం చేసుకోవాలి. ఒక పరీక్ష తాను కొలుస్తానన్న దానినే కొలుస్తోందా, వచ్చిన అంకెను బట్టి మనం చేసే నిర్ణయానికి ఆధారం ఉందా అన్నదే సప్రమాణత. మా ఊరికి ఇది కొత్త విషయం కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు. స్కూలు ఫైనలు వ్యాసం కావ్యభాషలోనైనా ఆధునిక భాషలోనైనా రాయవచ్చని 1912-13లో ఉత్తర్వు వచ్చినప్పుడు రేగిన వివాదమంతా, పిల్లవాడి రాతలో దేనిని కొలవాలన్న దాని చుట్టూ తిరిగిందేనని నా అభిప్రాయం. బట్టీ పట్టిన వ్యాసం నీ జ్ఞాపకశక్తికి సాక్ష్యం గానీ నీ భాషకు కాదు, దిద్దేవారు దాన్ని గుర్తుపట్టేలా శిక్షణ పొంది ఉంటారు. పరీక్ష చదువు మీద చూపే ఇలాంటి ప్రభావాన్ని వాష్‌బ్యాక్ అంటారు. నా ఆరు నెలల చదువును అదే పాడు చేసింది.

నాలుగోసారికి ముందు నేను కొత్త పుస్తకమేదీ కొనలేదు. అరవై నిమిషాల్లో రెండు రాతలు, మొదటిది కనీసం 150 మాటలు, రెండోది 250. రెండోదానికి రెట్టింపు విలువ ఉండగా, నేను ప్రతిసారీ మొదటిదానిలోని గ్రాఫు మీదే ముప్పై అయిదు నిమిషాలు తగలేస్తున్నానని మా ఆవిడ గడియారం పెట్టి చూసి చెప్పింది. ప్రశ్నకు జవాబు, పొందిక, పదసంపద, వ్యాకరణం అన్న నాలుగు ప్రమాణాలనూ కాగితం మీద రాసి, వారానికి రెండు వ్యాసాలు దిద్దింది. ఫలితంతో పని లేకుండా నేర్చుకోవడం కోసమే చేసే దీన్ని నిర్మాణాత్మక మూల్యాంకనం అంటారు. రెండున్నర నెలల తరువాత రాతలో 7 వచ్చింది. ఆ ఫలితపత్రంతోనే ఇక్కడ స్థిరపడ్డాను, నాన్నగారి అప్పు తీర్చాను, చెల్లెలి పెళ్లి చేశాను, ఇల్లు కొన్నాను. మీ తరానికి చేతిలో ఫోను ఉంది, ఒక నొక్కుతో ఫీజు కట్టేస్తారు. ఆ డబ్బు గుణుపురంలో ఎవరి చేతి కష్టమో లెక్క వేసుకునే ఓపిక మాత్రం తక్కువ.

ఈ ఆదివారం గడియారం పెట్టుకుని, ఎవరినీ అడగకుండా, రెండు రాతలూ చేతితో రాసి ఫొటో తీసి పంపు. ప్రతి రాతకూ పట్టిన నిమిషాలు పైన వేయి. మా ఆవిడ దిద్ది పంపుతుంది, డబ్బు తీసుకోదు. ఫీజు కట్టాలా వద్దా అన్నది ఆ తరువాత మాట్లాడుకుందాం.