1994 నుంచి కదలని పాత జీటీఓ కారు కోసం ఇల్లు తాకట్టు పెట్టవచ్చా?

ప్రశ్న (ఉత్తరం కుదించి): మేము మిషిగన్‌లోని నోవైలో ఉంటున్నాము. నా వయసు 38. హెచ్‌1బీ మీద ఒక ఆటోమొబైల్ విడిభాగాల సంస్థలో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. గ్రీన్ కార్డుకు వేసే ఐ-140 పిటిషన్ ఆమోదం పొంది గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నాము. జీతం ఏడాదికి 1,35,000 డాలర్లు, బోనసు 9,000 వరకు చేతికి వస్తుంది. నా భార్య ప్రస్తుతం ఉద్యోగం చేయడం లేదు, ఇద్దరు పిల్లలు. ఇంటి వాయిదా, తెనాలిలో ఉన్న అమ్మానాన్నలకు పంపే డబ్బు కలుపుకొని నెలకు 7,200 డాలర్లు ఖర్చయి 1,500 మిగులుతుంది. బ్యాంకులో 14,000, 401(కె) పదవీ విరమణ ఖాతాలో 1,18,000 ఉన్నాయి. నిరుడు మా వీధిలోని ఒక పెద్దావిడ, భర్త పోయిన తరువాత, ఆయన దాచుకున్న 1968 పాంటియాక్ జీటీఓను నాకు 8,500 డాలర్లకు ఇచ్చారు. 1994 నుంచి అది గ్యారేజీలోంచి కదలలేదు. పూర్తిగా బాగుచేయడానికి ఒక షాపువారు 62,000 అంచనా వేసి, 15,000 అడ్వాన్సు అడుగుతున్నారు. ఇంటి మీద హీలాక్ (ఇంటి తాకట్టుతో, కావలసినప్పుడు వాడుకునే అప్పు) తీసుకొని 45,000, 401(కె) నుంచి అప్పుగా 20,000 సమకూర్చుకోవాలని ఆలోచన. పని పూర్తయ్యాక బండి విలువ 80,000 దాటుతుందని షాపువారు అంటున్నారు. ముందుకు వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లవద్దు. ఇప్పుడు వద్దు, ఈ అప్పులతో ఎప్పటికీ వద్దు.

ఇటువంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. మీరు బండి అన్నచోట ఒకరు బేస్‌మెంటు అంటారు, మరొకరు హైదరాబాద్ శివార్లలో ప్లాటు అంటారు, ఇంకొకరు ఊళ్లో పాత ఇంటిని పడగొట్టి కట్టే మేడ అంటారు. అందరూ చేసే పొరపాటు ఒక్కటే. ఉద్యోగం పోతే నిలబడడానికి కావలసిన నగదు చేతిలో లేకుండానే, ఆ ఉద్యోగం ఉన్నంతకాలమే తీర్చగల అప్పును నెత్తికెత్తుకుంటున్నారు. మీ ఉత్తరంలో అంకెలన్నీ దాపరికం లేకుండా రాశారు కాబట్టి, వాటినే ముందు పెట్టుకొని మాట్లాడతాను.

బ్యాంకులోని 14,000 డాలర్లను నెలకు 7,200 చొప్పున ఖర్చుపెడితే 58 రోజులు వస్తాయి. హెచ్‌1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోయిన తరువాత దేశంలో ఉండడానికి దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే ఐ-94 అంతకుముందే ముగిస్తే అన్ని రోజులు కూడా ఉండవు. ఆ గడువులోగా కొత్త సంస్థ మీ తరఫున పిటిషన్ వేయాలి, లేదా మీరు వేరే వీసా హోదాకు దరఖాస్తు చేసుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. అంటే ఏ ఒక్క అదనపు ఖర్చూ రాకపోయినా మీ డబ్బు మీ గడువు కన్నా రెండు రోజుల ముందే అయిపోతుంది. అదనపు ఖర్చు రాకుండా ఉండదు. సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా ఆగిపోయాక కోబ్రా అనే చట్టం కింద కొనసాగించాలంటే, ఇంతకాలం సంస్థ కట్టిన వాటా కూడా మీరే కట్టాలి. ప్రీమియం మొత్తంలో 102 శాతం వరకు వసూలు చేయవచ్చు. నలుగురి కుటుంబానికి అది నెలకు 2,000 డాలర్లు అనుకున్నా, మీ నెల ఖర్చు 9,200 అవుతుంది, 58 రోజులు కాస్తా 45 రోజులవుతాయి. విమాన టికెట్లు, లాయరు రుసుము, ఇంటిని అమ్మకానికి పెట్టే ముందు చేయించే పనులు ఇందులో చేర్చనే లేదు.

అందువల్ల మీ కుటుంబానికి ఆరు నెలల అత్యవసర నిధి అంటే, కోబ్రాతో కలిపి, 55,000 డాలర్లు. ఇక్కడి పౌరులకు మూడు నెలలు సరిపోతుందని చెప్పే సలహాదారులు ఉన్నారు. వీసా మీద ఉన్న ఒంటి సంపాదన కుటుంబానికి ఆ మాట నేను చెప్పను. షాపువారి అంచనా 62,000, మీ దగ్గర ఉండవలసిన నిధి 55,000. దాదాపు ఒకే మొత్తం. మీ ఇంట్లో ఇంకా లేని ఆ నిధి కన్నా ముందు బండికి అంత ఖర్చు పెట్టబోతున్నారు.

ఇక బండి సంగతి. పాత బండి బాగుచేయడం వంటగది మార్పించుకోవడం వంటిది కాదు, ఎందుకంటే ఇది మధ్యలో ఆపగలిగిన ఖర్చు కాదు. ముప్పై ఏళ్లు నిలిచిపోయిన బండిలో ట్యాంకులోని పెట్రోలు జిగురుగా మారి గొట్టాలను పూడ్చేస్తుంది, బ్రేకు గొట్టాలు లోపలి నుంచి తుప్పు పడతాయి, రబ్బరు సీళ్లన్నీ గట్టిపడి పగుళ్లిస్తాయి, వైర్లను ఎలుకలు కొరికి ఉంటాయి. ఇవన్నీ లెక్కకు అందే పనులే. అందని పని తుప్పుది. మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు, ఈ బండి తిరిగిన పాతికేళ్లలో కింది రేకుల్లోకి, డిక్కీ అడుగుకు, వెనుక చక్రాల పైభాగాలకు, ముందు అద్దం కింది గాడికి చేరి ఉంటుంది. కార్పెట్ ఎత్తి స్క్రూడ్రైవరుతో అడుగు రేకును పొడిచి చూడండి, గట్టిగా తగులుతుందో, దిగిపోతుందో. వెనుక చక్రాల పైన రేకు మీద చిన్న అయస్కాంతం పెట్టి జరపండి. అది అంటుకోకుండా జారిన చోట రేకు బదులు ముద్ద పూసి రంగు వేశారని అర్థం. పెయింటు ఒలిచిన తరువాతగాని ఆ కింద ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు. మీరు జతచేసిన అంచనా పత్రంలో చివరి వాక్యం కూడా ఇదే చెబుతోంది: విప్పిన తరువాత బయటపడే తుప్పుకు, దొరకని భాగాలకు ఖర్చు అదనం. మీరు 62,000 అన్న అంకెను చదివారు. నేను ఆ వాక్యాన్ని చదివాను. పూర్తి పునరుద్ధరణకు వెయ్యి గంటల పని పట్టడం మామూలే. గంటకు 100 డాలర్లు వేసుకున్నా కూలి ఒక్కటే లక్ష అవుతుంది. 62,000కు అంతా పూర్తవుతుందని నేను నమ్మను.

ఆపవలసి వచ్చిందే అనుకోండి. విప్పేసిన బండి, విప్పని బండి కన్నా తక్కువ ధర పలుకుతుంది. 2009లో డెట్రాయిట్ శివారులో ఒక తెలుగు ఇంజనీరు ఇంట్లో నేను ఈ దృశ్యం కళ్లారా చూశాను. గ్యారేజీ మధ్యలో కామరో కారు డొల్ల, గోడ వెంట వరుసగా కార్టన్లు, ప్రతి దాని మీద మార్కరుతో "ఎడమ తలుపు", "డ్యాష్", "ఏవో బోల్టులు" అని ఆయన భార్య దస్తూరీ. ఉద్యోగం పోయి అప్పటికి నెల అయింది. పెట్టిన ఖర్చులో నాలుగో వంతు కూడా ఆ కార్టన్లకు రాలేదు. కొన్నవాడు వాటిని లెక్కపెట్టి, రెండు తగ్గాయని మరో 500 కోశాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే పాంటియాక్ పేరును నిలిపివేస్తున్నట్టు జనరల్ మోటార్స్ ప్రకటించింది, జూన్ 1న దివాలా పిటిషన్ వేసింది. మీరు పనిచేస్తున్న పరిశ్రమ అదే, ఊరూ అదే చుట్టుపక్కల. మీ జీతం, మీ ఇంటి విలువ, మీ బండి కొనుగోలుదారుల జేబు, మూడూ ఒకే ఏడాదిలో కుంగిపోగల చోట మీరు ఉన్నారు.

షాపులో సగం పనిలో ఉండగా డబ్బు ఆగితే మరో చిక్కుంది. బిల్లు తీరేదాకా బండిని తమ దగ్గర ఉంచుకునే హక్కు షాపుకు చట్టం ఇస్తుంది. 60 రోజుల గడువు నడుస్తున్న మనిషికి అది ఎలాంటి బేరమో ఆలోచించండి.

అప్పుల విషయంలో నాకు ఓపిక తక్కువని ఈ శీర్షిక చదివేవారికి తెలుసు. హీలాక్ అంటే ఇంటి తాకట్టు. పేరు మారినంత మాత్రాన పని మారదు. వడ్డీ నిలకడగా ఉండదు. ఇల్లు కొనడానికో, కట్టడానికో, గణనీయంగా మెరుగుపరచడానికో వాడితేనే ఆ వడ్డీకి పన్ను మినహాయింపు దొరుకుతుంది, బండికి దొరకదు. "ఏదైనా అయితే హీలాక్ ఉంది కదా" అని దాన్నే అత్యవసర నిధిగా లెక్కవేసుకునేవారు మనవాళ్లలో చాలామంది ఉన్నారు; మీరు కూడా ఉత్తరం చివర అదే సూచించారు. ఇంటి విలువ బాగా పడిపోయినా, మీ ఆదాయ పరిస్థితి మారినా, ఇంకా వాడని మొత్తాన్ని నిలిపివేసే హక్కు బ్యాంకుకు ఉంది. సరిగ్గా మీకు అవసరం వచ్చిన నెలలోనే అది మూతపడవచ్చు. 2009లో నేను చెప్పిన కుటుంబానికి జరిగింది అదే.

401(కె) అప్పు ఇంకా మోసపుచ్చేది, ఎందుకంటే మన డబ్బు మనమే తీసుకుంటున్నామని అనిపిస్తుంది. ఉద్యోగం ఉన్నంతవరకు అది జీతంలోంచి తీరుతూ పోతుంది. ఉద్యోగం పోతే, మిగిలిన బాకీని ఆ ఏడాది పన్ను రిటర్ను గడువులోగా, పొడిగింపు తీసుకుంటే ఆ గడువులోగా, పూడ్చకపోతే అదంతా మీ ఆదాయంగా లెక్కకు వస్తుంది. మీ వయసుకు దాని మీద 10 శాతం అదనపు పన్ను కూడా పడుతుంది. 18,000 బాకీ ఉందనుకుంటే 1,800 అదనపు పన్ను, దానికి తోడు ఫెడరల్, రాష్ట్ర ఆదాయపన్నులు. జీతం లేని ఏడాదిలో కట్టవలసిన డబ్బు ఇది. రెండు అప్పులకూ 8 శాతం వడ్డీ అనుకుంటే, హీలాక్‌కు వడ్డీ మాత్రమే నెలకు 300, 401(కె) అప్పుకు అయిదేళ్ల వాయిదా 405. మీ 1,500 మిగులులో దాదాపు సగం పోతుంది. అంటే అత్యవసర నిధి లేకుండా మొదలుపెట్టి, దాన్ని కూడబెట్టే వేగాన్ని కూడా సగానికి తగ్గించుకుంటున్నారు.

80,000 విలువ అన్న మాటను కాగితం మీద నిరూపించమనండి. మీ బండిలో డ్రైవరు వైపు ముందు అద్దం గుండా కనిపించే చిన్న రేకు మీద నంబరు 242తో మొదలైతే అది జీటీఓ. 237 అయితే పాంటియాక్ వారి మామూలు మోడల్ లెమాన్స్‌కు జీటీఓ గుర్తులు అతికించినదని అర్థం, అప్పుడు విలువ మాటే వేరు. పీహెచ్‌ఎస్ అనే సంస్థ రుసుము తీసుకొని, పాంటియాక్ ఫ్యాక్టరీ పత్రాల నకళ్లు పంపుతుంది. మామూలు 350 హార్స్‌పవర్ ఇంజినా, మరింత శక్తినిచ్చే రామ్ ఎయిర్ రకమా, లేక 265 హార్స్‌పవర్ పొదుపు రకమా అన్నది వాటిలో తేలుతుంది. ధర అక్కడే తేడా వస్తుంది. ఆ తరువాత, వేలంలో నిజంగా అమ్ముడైన అదే రకం బండ్ల ధరలు చూడండి, అమ్మకానికి పెట్టినవారు అడిగే ధరలు కాదు. నష్టానికి అమ్మితే సొంత వాడుక వస్తువు మీద వచ్చిన ఆ నష్టాన్ని పన్నులో చూపలేరు, లాభం వస్తే మాత్రం పన్ను పడుతుంది. ఇటువంటి బండ్లు కొని, బాగుచేసి అమ్మడం అలవాటుగా పెట్టుకునే ఆలోచన ఏ మూలన ఉన్నా, ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును అడగండి. హెచ్‌1బీ మీద అటువంటి వ్యాపారం మీ గ్రీన్ కార్డుకే ముప్పు.

మీ కోరికను నేను చిన్నచూపు చూడడం లేదు. ఆగస్టు మూడో శనివారం, పాత బండ్ల ఊరేగింపు రోజున, వుడ్‌వర్డ్ అవెన్యూ పక్కన మడత కుర్చీలు వేసుకొని పిల్లలకు ఆ బండ్లు చూపించానని రాశారు. ఆ రోడ్డు వెళ్లేది మీ బండి పేరున్న పాంటియాక్ పట్టణానికే. ఆ పేరు పుట్టిన చోట, బాగుచేసిన ఆ బండిలో తిరగాలన్న కోరిక మంచిదే. దానికి దారి ఇలా ఉంది. నెలకు 1,500, ఏటా బోనసు 9,000 కదపకుండా పక్కన పెడితే, ఉన్న 14,000 ఏడాదిన్నరలో దాదాపు 55,000 అవుతుంది. మీ శ్రీమతి హెచ్‌4 మీద పని అనుమతి తెచ్చుకొని ఉద్యోగంలో చేరితే ఇంకా ముందే అవుతుంది. ఆ డబ్బు మామూలు హై యీల్డ్ సేవింగ్స్ ఖాతాలో ఉండాలి, ఇంకెక్కడా కాదు. నిధి నిండిన తరువాత అదే 1,500లోంచి బ్రేకులు, ట్యాంకు, గొట్టాలు, టైర్లు ఒక్కొక్కటిగా చేయించి, రంగు జోలికి పోకుండా, నడిచే బండిగా మార్చుకోండి. ప్రతి పని తరువాత ఆపగలిగేలా ఉండాలి. మిషిగన్‌లో హిస్టారిక్ నంబరు ప్లేటు తీసుకుంటే ప్రదర్శనలకు, పెరేడ్లకు, ఆగస్టు నెలంతా రోడ్డెక్కించవచ్చు. పూర్తిగా మెరిసే బండే కావాలంటే, ఇంకొకరు డబ్బు పోసి పూర్తి చేసినదాన్ని కొనుక్కోవడం చాలాసార్లు చవక. మోజు తీరిపోతే, విప్పకుండా ఉన్నది ఉన్నట్టు అమ్మేయవచ్చు.

ఒక విషయం మీ ఉత్తరంలో లేదు, అందుకే అడుగుతున్నాను: సంస్థ ఇచ్చే గ్రూప్ పాలసీ కాక, మీ పేర సొంత టర్మ్ బీమా ఉందా? ఉద్యోగంతో పాటే గ్రూప్ పాలసీ పోతుంది. 38 ఏళ్ల వయసులో ప్రీమియం తక్కువ. పిల్లలు కాలేజీ దాటేదాకా వచ్చేలా తీసుకోండి. బండికి తక్కిన ఏ ఖర్చు పెట్టడానికైనా ముందు ఇది జరగాలి.

ఈ వారం చేయవలసింది కొద్దిగానే ఉంది. బ్యాటరీ తీసేయండి, ట్యాంకులోని పాత పెట్రోలు ఖాళీ చేయించండి, టైర్ల మీద బరువు పడకుండా ఇరుసుల కింద స్టాండ్లు పెట్టండి, గాలి ఆడే గుడ్డ కప్పండి. నడపకుండా గ్యారేజీలోనే ఉండే బండికి, ముందే ఒప్పుకున్న విలువకు బీమా చేసే పాలసీ ఒకటి తీసుకోండి. షాపువారికి 15,000 చెక్కు ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చి ఉంటే, బండిని ట్రక్కు ఎక్కించకముందే ఫోను చేసి, పని మొదలుపెట్టవద్దని ఈమెయిల్ కూడా పంపి, ఎంత తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా అడగండి.