అల్లుడూ, ఏ బ్రాండ్ అని కాదు, ఏం కొంటున్నావో చెప్పు

అల్లుడూ,

బట్టలు కొనడానికి జారా మంచిదా, హెచ్ అండ్ ఎమ్ మంచిదా, యూనిక్లోనా అని అడిగావు. అలా అడిగితే నేనేం చెప్పను రా? టీషర్టులు బాగా కుట్టేవాడు జీన్స్ కూడా బాగా కుట్టాలని రూలేం లేదు, ఒకే షాపులో పక్కపక్కన వేలాడే రెండు టీషర్టుల్లోనే ఒకటి ఏళ్ల తరబడి ఉంటుంది, ఇంకోటి నాలుగు ఉతుకులకే మెడ సాగి నైట్ డ్రెస్ అయిపోతుంది.

రోజూ వేసుకునే సాదా బట్టలకైతే నా ఓటు యూనిక్లోకే. 1984లో హిరోషిమాలో మొదటి షాపు పెట్టిన జపాన్ వాళ్లు, ఫ్యాషన్ వెంట పెద్దగా పరిగెత్తరు. ప్లెయిన్ టీషర్టులు, చలికి హీట్‌టెక్ అనే వెచ్చని బట్టలు, ఉక్కకి ఎయిరిజం అనే పల్చని బట్టలు, వీటినే ఏటా కొంచెం కొంచెం మెరుగు చేస్తూ అమ్ముతారు. కాకపోతే పదిమందిలో నువ్వొక్కడివే కనబడాలంటే అక్కడ పని జరగదు.

దానికి జారా ఉంది. స్పెయిన్‌లో 1975లో మొదలైంది, కొత్త డిజైన్‌ని వారాల్లోనే షాపులోకి దించేయడం వాళ్ల బలం. జాకెట్లు, టీషర్టు మీద వేసుకునే ఓవర్‌షర్టులు అక్కడ చూడు, కటింగ్ బాగుంటుంది. కానీ నీవి వెడల్పు భుజాలు, ట్రయల్ రూముకి ఒక సైజు పెద్దది కూడా పట్టుకెళ్లు. రేటు చూసి గుండె ఆగితే పుల్ అండ్ బేర్, బెర్ష్కా చూడు, అవీ జారా ఉన్న ఇండిటెక్స్ గ్రూపువే, మీలాంటి కుర్రకారు కోసమే పెట్టారు. స్వీడన్ వాళ్ల హెచ్ అండ్ ఎమ్‌లో రకాలు ఎక్కువ, రేటు తక్కువ, క్వాలిటీ మాత్రం ఏ బట్టకి ఆ బట్టే చూసుకోవాలి.

జీన్స్‌కి లీవైస్. ప్యాంటు జేబుల మూలలకి రాగి రివెట్లు కొట్టే పద్ధతికి 1873లోనే పేటెంట్ తీసుకున్నారు, ఆ అనుభవం ఊరికే పోదు. అయినా పేరు చూసి కళ్లు మూసుకోకు, లోపలి లేబుల్ చదువు. అంతా కాటనే అయితే మొదట బిగుసుకుని ఉన్నా వేసుకోగా వేసుకోగా ఒంటికి అలవాటవుతుంది. ఎలాస్టేన్, అంటే సాగే దారం, ఒకటి రెండు శాతం ఉంటే హాయిగా ఉంటుంది, మరీ ఎక్కువైతే మోకాళ్ల దగ్గర ఉబ్బెత్తుగా సాగి అలాగే ఉండిపోతుంది.

ఛాతీ నిండా లోగో ఉన్నవాటి జోలికి పోకు. హాలిస్టర్ బట్టల మీద 1922 అని దర్జాగా ఉంటుంది, ఆ బ్రాండ్ మొదలైంది 2000లో! డబ్బిచ్చి వాళ్లకి ప్రచారం చేసిపెట్టడం ఏం సరదానో నాకైతే అర్థం కాదు.

ఇక బ్రాండ్ ఏదైనా సరే, బట్టని తిరగేసి చూడు. పక్క కుట్టు నిటారుగా దిగకుండా ముందుకి తిరిగి ఉంటే ఉతికాక ఇంకా మెలిపడుతుంది, వదిలెయ్. మెడ పట్టీని కాస్త లాగి వదిలితే వెంటనే వెనక్కి రావాలి. వెలుతురుకి పట్టుకుంటే చెయ్యి స్పష్టంగా కనబడిందంటే గుడ్డ పల్చన. ఆన్‌లైన్లో ఆ సౌకర్యం లేదు కాబట్టి జీఎస్ఎం, అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములుందో చూడు, టీషర్టుకి 180 దాటితే కాస్త మందంగానే ఉంటుంది. పాలిస్టర్ కలిసిన హూడీలు, స్వెటర్లు చంకల దగ్గర ఉండలు కడుతుంటాయి, అది ముందే తెలుసుకుని కొను.

నచ్చింది కదా అని ఒకేసారి మూడు రంగులూ తీసుకోకు. ఒకటి కొని, రెండుసార్లు ఉతికి చూసి, అప్పుడు మిగతావి. జాకెట్ బిల్లు వేయించే ముందు మాత్రం దాని లోపలి లేబుల్ ఫొటో తీసి నాకు పంపు.

మీ మామయ్య